చూరు కింద గబ్బిలాలు
నిన్న సాయంత్రం కెంట్‌లో ఓ పాత ఇటుకల కొట్టం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నా. దాన్ని ఇళ్లుగా మార్చాలని యజమాని ఆలోచన. గబ్బిలాలు ఉండొచ్చనిపించే కట్టడమైతే ఇంగ్లండ్‌లో అనుమతికి ముందే సర్వే చేయించాలి. సూర్యాస్తమయానికి పావుగంట ముందు నుంచీ కళ్లు చూరు మీదే. చీకటి పడుతుండగా, మన చెవికందని గబ్బిలాల కూతల్ని వినిపించే డిటెక్టర్ 45 కిలోహెర్ట్జ్ దగ్గర టపటపమంది. కామన్ పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలం! బొటనవేలు పట్టేంత సందులోంచి ఒకటి జారింది, వెనకే ఇంకోటి, ఇక వరస ఆగలేదు. ఒక్కోటి అయిదారు గ్రాములు. తల్లి ఏడాదికి కనేది మామూలుగా ఒక్క పిల్లనే. ఆ కప్పు విప్పాలంటే ఇక నేచురల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ లైసెన్సు తప్పదు.

"గబ్బిలాల కోసం ఇల్లు కట్టడం ఆపేస్తారట్రా?" అంటుంది అమ్మ ఫోన్లో. ఆపం అమ్మా, పిల్లలు ఎగిరేదాకా ఆగమంటాం, కొత్త కప్పులో వాటికో సందు వదలమంటాం.

ఇక్కడ 1981 వన్యప్రాణి చట్టం వాటిని కాపాడుతోంది. మన దేశపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మాత్రం పండ్లు తినే గబ్బిలాల్ని ఎలుకలు, కాకులతో కలిపి హానికర జంతువుల్లో చేర్చింది. ఆ జాబితా పోయింది 2022 సవరణతోనే. మనవైపు రోడ్డు వెడల్పు కోసం మర్రిచెట్లు కొట్టేముందు కొమ్మలకు వేలాడేవాటిని ఒక్కసారి లెక్కపెట్టాలని నా గట్టి కోరిక. నేర్చుకుంటామని ఎవరొచ్చినా నేర్పుతా.