లేని ప్యాలెస్ చూడ్డానికి షియాన్ పోయాం

చైనాలో షియాన్ వెళ్తే అందరూ టెర్రకోటా సైనికుల (మట్టితో చేసిన పాతకాలం సైనికుల బొమ్మలు) దగ్గరికే పరిగెడతారు, మేమూ మొదటిరోజు అదే చేశాం, ఆ జనంలో నిలబడీ నిలబడీ నడుం పడిపోయింది. రెండోరోజు ఇంక దూరాలొద్దురా బాబూ అనుకుని, మా రూమ్ రైల్వే స్టేషన్ దగ్గరే కాబట్టి, స్టేషన్‌కి ఉత్తరం వైపున్న దామింగ్ ప్యాలెస్ పార్కుకి, అంటే ఒకప్పుడు చైనాని ఏలిన తాంగ్ చక్రవర్తుల ప్యాలెస్ ఉన్న చోటికి, నడుచుకుంటూ పోయాం.

ముందు కనిపించేది దాన్‌ఫెంగ్ గేటు. ఐదు ద్వారాలు, మొత్తం మట్టి రంగు. అబ్బ, 1300 ఏళ్ల నాటిదా అని మావాడు ఫోటోల మీద ఫోటోలు కొట్టాడు, తీరా చూస్తే అది 2010లో పార్కు తెరిచినప్పటి కట్టడమంట, అసలు గేటు పునాదులు దాని లోపలున్నాయి, వానకి తడవకుండా పైన గొడుగు పట్టినట్టు.

అక్కణ్ణుంచి అర కిలోమీటరు పైనే నడిస్తే హాన్‌యువాన్ హాలు. హాలంటే హాలు లేదు, అరుగుంది. కానీ ఏం అరుగండీ, మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది! 663 నుంచి తాంగ్ చక్రవర్తులు పెద్ద పెద్ద దర్బార్లు ఇక్కడే పెట్టారు, పైనంతా చెక్క కదా, ఆ రాజ్యం కూలే రోజుల్లో తగలబడిపోయింది. అన్నట్టు ఈ ప్యాలెస్ పని మొదలెట్టింది 634లో, మన స్కూలు పుస్తకాల్లో హ్యూయన్ త్సాంగ్ లేడూ, ఆయన అప్పటికి మన దేశంలో తిరుగుతున్నాడు, తర్వాత మన అమరావతి వైపు కూడా వచ్చాడు.

"ఇంత దూరం వచ్చింది దిబ్బలు చూడ్డానికా" అని మావాడు గొణుగుడు. నాకైతే కొత్త ప్యాలెస్ కట్టి ఎర్ర రంగులు కొట్టకుండా మట్టిని మట్టిలా వదిలేయడమే నచ్చింది. కాకపోతే ఈ ఖాళీ ఊరికే రాలేదు. యుద్ధాలప్పుడు, కరువులప్పుడు పక్క రాష్ట్రం హెనాన్ నుంచి పారిపోయొచ్చినవాళ్లు రైలు పట్టాల అవతల ఇక్కడే గుడిసెలేసుకున్నారు, పార్కు కోసం లక్ష మంది దాకా ఖాళీ చేయించారు. రాజుల పేర్లకి అడుగడుగునా బోర్డులున్నాయి, వీళ్ల గురించి మాత్రం నా కంట ఒక్కటీ పడలేదు.

మొత్తం 3 చదరపు కిలోమీటర్ల పైనే, బీజింగ్‌లో చక్రవర్తుల కోట ఫర్బిడెన్ సిటీ ఉందే, అలాంటివి నాలుగు పట్టేస్తాయి, బూట్లేసుకెళ్లండి. చివర్లో తైయె చెరువు గట్టున కూలబడి ఫోన్ చూసుకుంటే మావాడి ఫోటోలన్నీ ఆ కొత్త గేటువే.