పెన్సిల్ హీల్ లోపల ఏముంది

పోయిన మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్లికని కమర్షియల్ స్ట్రీట్‌లో ఒక జత హీల్స్ కొన్నాను. బంగారు రంగు పట్టీలు, వేళ్ల మీద వరసగా తెల్ల రాళ్లు, సన్నటి పెన్సిల్ హీల్, ఎత్తు మూడున్నర అంగుళాలు. చీర అంచుకు అతికినట్టు సరిపోయాయి. షాపులో కార్పెట్ మీద నాలుగడుగులు వేసి చూసుకుని తెచ్చేసుకున్నా. తీరా రిసెప్షన్ రోజు కల్యాణ మంటపం ముందు ఆటో దిగి నడుస్తుంటే, బెంగళూరులో కాలవల మీద రాతి పలకలు పరిచి ఫుట్‌పాత్ అంటారు చూడండి, ఆ రెండు పలకల సందులోకి కుడి హీల్ దిగిపోయింది. కాలు లాగేసరికి హీల్ ఊడి అక్కడే ఉండిపోయింది. చీలమండ బెణికి పది రోజులు వాపు తగ్గలేదు.

ఆ జత పారేయడానికి మనసు రాలేదు. మల్లేశ్వరం మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే తాత ఉన్నాడు, హిందూపురం వైపు మనిషి, ఆయన దగ్గరికి తీసుకెళ్లా. గమ్ పెట్టి ఇచ్చేస్తాడనుకున్నాను. ఆయన కత్తి మొనతో లోపలి అట్టను నెమ్మదిగా పైకి లేపి, చెప్పును నా వైపు తిప్పి చూపించాడు. "చూడు పాపా, ఈ ఇనుప పట్టీ మడమ కాడి నుంచి ముందుపాదం దాకా రావాల. దీనికి సగమే ఏసినారు. మేకులు రెండే. ఇంక బరువు యాడ నిలబడుతుంది?" ఆ పట్టీ నా చిటికెన వేలంత కూడా లేదు, వంగిపోయి, అంచున తుప్పు పట్టి ఉంది. పక్కనే రిపేరుకి వచ్చిన వేరే ఎవరిదో పాత హీల్ తీసి అందులోది చూపించాడు. అందులో పట్టీ పొడవుగా, మధ్యలో గాడితో గట్టిగా ఉంది. హీల్‌కి నాలుగు మేకులు, నడిమధ్య ఒక స్క్రూ.

ఇన్నేళ్లుగా హీల్స్ వేసుకుంటున్నా ఆ పట్టీ సంగతి నాకు తెలియదు. దాన్ని షాంక్ అంటారు. హీల్ వేసుకున్నప్పుడు మన పాదం మధ్యభాగం కింద ఏమీ ఉండదు, మడమకీ ముందుపాదానికీ మధ్య వంతెన ఆ పట్టీయే. అది బలహీనంగా ఉంటే అడుగు వేసినప్పుడల్లా చెప్పు మధ్యలో వంగుతుంది, హీల్ వెనక్కో పక్కకో ఒరుగుతుంది. అసలు స్టిలెట్టో అనే సన్న హీల్ 1950లలో అంతగా పాకిందంటే కారణం ఉక్కే. అంత సన్నగా చెక్కతో చేస్తే విరిగిపోతుంది, అందుకే హీల్ లోపల ఉక్కు కడ్డీ పెట్టారు. స్టిలెట్టో అంటే ఇటలీలో సన్నటి బాకు పేరు. ఇక వెడ్జెస్, అంటే మడమ నుంచి ముందు దాకా అడుగంతా ఒకే దిమ్మలా ఉండే చెప్పులు, వాటి కథ దీనికి సరిగ్గా తిరగేసిన కథ. 1930లలో ఇటలీలో ఉక్కు కరువై షాంక్‌కి మంచి ఉక్కు దొరక్కపోతే, సాల్వటోరే ఫెర్రగామో అనే చెప్పుల డిజైనర్ ఆ ఖాళీ మొత్తాన్ని బెరడుతో, అదే సీసా మూతలకి వాడే కార్క్‌తో, నింపేశాడు. పాదం కింద ఖాళీయే లేకపోతే వంతెనతో పనేముంది! ఇది తెలిశాక వెడ్జెస్ మీద నాకు గౌరవం పెరిగింది.

ఇప్పుడు షాపుకి వెళ్తే రాళ్లూ రంగూ చూసే ముందు చెప్పును రెండు చేతుల్తో పట్టుకుని వంచుతాను. వేళ్ల దగ్గర వంగాలి, చెప్పు మధ్యలో వంగితే అక్కడే పెట్టేసి వచ్చేస్తా. తర్వాత గట్టి నేల మీద పెట్టి వేలితో పక్కకి నెడతాను, ఊగితే వద్దు. వెనక నుంచీ పక్క నుంచీ చూస్తే హీల్ మన మడమ నడిమికి నేరుగా కిందకి రావాలి, మరీ వెనక్కి ఉంటే ఎత్తు రెండంగుళాలే అయినా నిలకడ ఉండదు. కొనడానికి సాయంత్రమే వెళ్తాను, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి కాబట్టి సైజు సరిగ్గా తెలుస్తుంది. కార్పెట్ మీద కాదు, షాపు బయట మెట్ల మీద నడిచి చూస్తానని అడగండి, ఒప్పుకోని చోట కొనకండి.

"హీల్స్ మానేయొచ్చు కదే" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. మానను. నాకవి ఇష్టం, చీర కుచ్చిళ్లు నిలబడే తీరే వేరు. కానీ రోజూ వేసుకుంటే బరువంతా ముందుపాదం మీద పడుతుంది, పిక్కలు బిగుసుకుపోతాయి, అది నాకు అనుభవమే. అందుకని ఆఫీసుకి రెండంగుళాల బ్లాక్ హీల్, అంటే దిమ్మలాంటి వెడల్పాటి హీల్, చీలమండకి పట్టీ ఉన్నది. మెట్రోలో వైట్‌ఫీల్డ్ దాకా నిలబడి వెళ్లినా నొప్పి రాదు. చర్చ్ స్ట్రీట్‌లో రాళ్లు పేర్చిన నేల మీద కూడా అదే నడిచింది. హీల్ కింద ఉండే చిన్న రబ్బరు ముక్క అరగగానే మార్పిస్తా, అది పోయాక నడిస్తే హీలే అరిగిపోతుంది.

అలంకారం కావాలంటే హీలే అక్కర్లేదు. కొల్హాపురి మనకి దగ్గరి చెప్పు, 2019లో వచ్చిన జీఐ గుర్తింపులో, అంటే ఫలానా ప్రాంతం సరుకు అని ఇచ్చే గుర్తింపులో, మహారాష్ట్ర జిల్లాలతో పాటు మన కర్ణాటకలోని బెళగావి, బాగల్‌కోట్, ధార్వాడ్, విజయపుర కూడా ఉన్నాయి. తోలు జడ అల్లిక చూడండి, చేత్తో అల్లింది కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. వానలో మాత్రం వేసుకోవద్దు, తడిస్తే పాడవుతాయి.

తాత నా జతకి కొత్త పట్టీ వేసి, నాలుగేసి మేకులూ ఒక స్క్రూ కొట్టి ఇచ్చాడు. "రాతి పలకల మీద నడవాకు, కారు దిగి గడప దాకా చాలు" అన్నాడు. వచ్చే నెల యలహంకలో మా అన్నయ్య గృహప్రవేశం. ఇవే వేసుకుంటా, సంచిలో కొల్హాపురి పెట్టుకుంటా.