ఒకే ప్లేటు మీద అన్ని రంగులు

ఈ రోజు ప్రెస్సులో చెప్పుకోదగ్గ పనేమీ లేదు. ఒక స్కూలు వాళ్ల బ్రోచరు, రెండు పెళ్లి పత్రికల ప్రూఫులు, అంతే. పొద్దున్నుంచీ ముసురు. ముసురు పట్టిందంటే మాకు టెన్షనే. కాగితం గాలిలోని తేమ పీల్చుకుని కాస్త సాగుతుంది. ఆ కాస్తకే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. బ్రోచరు అట్ట మీది పాప పెదవులు ఒకచోట ఉంటే వాటి ఎరుపు ఇంకోచోట పడింది. మెషిన్‌మ్యాన్ అన్న భూతద్దం పెట్టి చూసి, "రిజిస్టర్ పోయిందమ్మా" అని మెషిన్ ఆపేశాడు.

సియాన్ అంటే నీలం, మెజెంటా అంటే గులాబీ, ఎల్లో, బ్లాక్. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు, అంటే అచ్చు వేసే రేకు. నాలుగూ కలిసి ఒక్క బొమ్మ కావాలి. మా పని బతుకంతా ఈ కలవడం మీదే నడుస్తుంది. రిజిస్టర్ పోయినప్పుడల్లా నాకు కృష్ణారెడ్డి గారు గుర్తొస్తారు. అన్ని రంగులూ ఒకే ప్లేటు మీద పూసి, ఒక్కసారే ప్రెస్సులో నడిపి బొమ్మ తీసిన మనిషి ఆయన. మా చిత్తూరు పక్కనే నందనూరులో 1925లో పుట్టారు. 2018లో న్యూయార్క్‌లో పోయారు. ప్రింట్‌మేకింగ్, అంటే ప్లేటు మీద చెక్కి బొమ్మలు అచ్చు తీసే కళ, తెలిసినవాళ్లు ఏ దేశంలో ఉన్నా ఆయన పేరు గౌరవంగా చెబుతారు. ఇక్కడ మా వీధిలో అడిగితే మాత్రం "ఏ కృష్ణారెడ్డి?" అంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది.

కొత్త రీములు వచ్చేదాకా మెషిన్ ఆగింది కాబట్టి ఫోన్లో ఆయన ‘వర్ల్‌పూల్’ ప్రింటు తీసి అన్నకు చూపించాను. 1963 నాటిది. సుడిగుండం. గీతలన్నీ మెలికలు తిరుగుతూ లోపలికి పోతుంటాయి, వాటి సందుల్లో రంగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎక్కడికక్కడ విడిగా నిలబడి ఉంటాయి. అన్న స్క్రీన్ పెద్దది చేసి చూశాడు. "ఎన్ని కలర్ల జాబ్ ఇది? ఎన్ని ప్లేట్లు?" అన్నాడు. ఒక్కటే అన్నాను. నమ్మలేదు. ముప్పూటలా ఇంకుతో బతికే మనిషి అంత తేలిగ్గా నమ్మడు మరి.

నమ్మించడానికి ఒకటే దారి, చేసి చూపించడం. మా పనిలో ఒక సూత్రం ఉంది. తడి ఆరకముందే ఒక ఇంకు మీద ఇంకో ఇంకు పడాలంటే, జిగురు ఎక్కువున్నది ముందు వెయ్యాలి, తక్కువున్నది తర్వాత. అప్పుడే రెండోది మొదటిదాని మీద పట్టుకుంటుంది. తిరగేస్తే పట్టుకోదు, మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది. మాకది జాబ్ పాడవడం. పారిస్‌లో 1950ల్లో కృష్ణారెడ్డి గారు, బొంబాయి నుంచి వెళ్లిన చిత్రకారుడు కైకో మోతీ కలిసి, ఈ పట్టుకోకపోవడాన్నే పనిముట్టుగా మార్చుకున్నారు. నాకు ఆయన పనిలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే.

అన్న ఒక పాత అల్యూమినియం ప్లేటు వెనక్కి తిప్పి గుడ్డతో తుడిచాడు. సియాన్‌లో లిన్‌సీడ్ ఆయిల్ కలిపి, చారులా పల్చగా చేసి, వేలితో ఒక చుక్క రాశాం. పసుపులో ఏమీ కలపలేదు, డబ్బాలోంచి తీసింది తీసినట్టే, బిగువుగా. చేతి రోలరుకు ఆ పసుపు పట్టించి చుక్క మీదుగా ఒక్కసారి నడిపాం. ప్లేటంతా పసుపు పరుచుకుంది. చుక్క దగ్గరికి వచ్చేసరికి పసుపు ఆగిపోయింది. నీలం నీలంగానే ఉంది, దాని చుట్టూ అంచు గీసినట్టు పసుపు. పక్కనే తిరగేసి చేశాం. ముందు పసుపు, దాని మీద పల్చటి నీలం. ఆకుపచ్చ అయిపోయింది. అన్న ఏమీ మాట్లాడకుండా మళ్లీ భూతద్దం తీశాడు. అంచు చూస్తున్నాడు. "ఇది మనకెప్పుడూ తప్పే కదమ్మా" అన్నాడు.

ఇక ప్లేటు సంగతి. మా ప్లేటు నున్నగా ఉంటుంది, చెయ్యి పెట్టి చూస్తే ఎత్తుపల్లాలు తెలియవు. ఆయన జింకు ప్లేటును యాసిడ్‌తో, ఉలులతో, మెషిన్ పనిముట్లతో మెట్లు మెట్లుగా చెక్కేవారు. పై మట్టం, దాని కింద ఇంకో మట్టం, అన్నిటికంటే అడుగున సన్నటి గాళ్లు. ముందు అడుగు గాళ్లలో ఇంకు నింపి పైన తుడిచేస్తారు. తర్వాత గట్టి రోలరుతో పల్చటి ఇంకు నడిపితే అది పై మట్టానికే అంటుతుంది. ఆ తర్వాత మెత్తటి రోలరుతో చిక్కటి ఇంకు. మెత్తటిది గనక పల్లంలోకి దిగుతుంది, పైనున్న పల్చటి ఇంకు మాత్రం దాన్ని రానివ్వదు. అలా పక్కపక్కనే రంగులన్నీ నిలుస్తాయి. కాగితం వేసి ఒక్కసారి నొక్కితే చాలు. రిజిస్టర్ అనే మాటే ఉండదు.

ఇది ఒక శిల్పికి తప్ప తట్టదని నా నమ్మకం. ఆయన తిరిగిన దారి చూస్తే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. 1940ల్లో శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువు, తర్వాత మద్రాసు కళాక్షేత్రంలో బొమ్మలు నేర్పడం. అక్కడి నుంచి లండన్ స్లేడ్ స్కూలుకు శిల్పం కోసం, పారిస్‌లో ఒసిప్ జాడ్కిన్ దగ్గరికి శిల్పం కోసం, మిలాన్‌లో మారినో మారీనీ దగ్గరికీ శిల్పం కోసమే. నేర్పేవాళ్లు ఎక్కడుంటే అక్కడికి వెళ్లిన ప్రయాణాలవి. ఆ శిల్పి చెయ్యే పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెలియే 17 అనే ప్రింట్‌మేకింగ్ స్టూడియోలో ఒక జింకు రేకు మీద పడింది. హేటర్ ఆ స్టూడియోను 1927లో మొదలుపెట్టారు, యుద్ధకాలంలో న్యూయార్క్‌కు తరలించి 1950లో మళ్లీ పారిస్‌కు తెచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లో మన మనిషి అక్కడ అడుగుపెట్టారు. 1960ల్లో హేటర్‌తో పాటు ఆ స్టూడియో బాధ్యతే చూశారు. మధ్యలో ఆస్ట్రియాలో, మాంట్రియల్‌లో శిల్పుల సింపోజియాలకు వెళ్లి రాయి కూడా చెక్కారు. 1972లో పద్మశ్రీ. 1970ల్లో న్యూయార్క్ చేరి అక్కడి యూనివర్సిటీలో చాలా ఏళ్లు ప్రింట్‌మేకింగ్ నేర్పారు.

ఎన్ని ఊళ్లు తిరిగినా బొమ్మల్లో ఉన్నవి చూడండి: చేప, పురుగు, అల, మొలక. 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులు లేచినప్పుడు ‘డెమాన్‌స్ట్రేటర్స్’ వేశారు. అందులో కూడా మనుషులు నేలలోంచి మొలిచినట్టే నిలబడి ఉంటారు, నా కళ్లకు.

మా లైన్లో రంగు కలిపే కొలతలు ఎవరూ ఎవరికీ చెప్పరు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట స్పెషల్ కలర్ కలిపేటప్పుడు మమ్మల్ని బయటికి పంపి తలుపు వేసుకునేవాళ్లు. కృష్ణారెడ్డి గారు తను కనిపెట్టిన పద్ధతిని దాచుకోలేదు. దేశాలు తిరిగి వర్క్‌షాపులు పెట్టి, పక్కన నిలబెట్టుకుని నేర్పారు. 1988లో ఆ పద్ధతి మొత్తం విడమరిచి పుస్తకం రాసి అచ్చు వేయించారు. ఈ సంగతి చెబితే అన్న కాసేపు ఆగి, "రాయల్టీ ఏమన్నా పెట్టుకోలేదా?" అన్నాడు. ఎవరైనా చదివి చేసుకోవచ్చు అన్నాను.

ఆయన 1980ల్లో చేసిన ‘గ్రేట్ క్లౌన్’ కూడా చూపించాను. సర్కస్ బఫూన్. చెక్కిన గీతలు అవే, రంగులు మార్చి మార్చి ఎన్నో రకాలుగా తీశారు. ఒకదాంట్లో నిప్పుల్లా మండుతుంటే ఇంకోదాంట్లో నీళ్లలో ఉన్నట్టుంటుంది. మా దగ్గర ఐదొందల షీట్లలో ఒక్క షీటు రంగు మారినా కస్టమర్ ఊరుకోడు. ఫోన్లో చూసి చూసి నాకు తృప్తి లేదు. లోతుగా చెక్కిన ప్లేటు మీద నొక్కిన కాగితం ఆ గాళ్లలోకి దిగి పైకి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ఏ ఫోటోలోనూ రాదు. ఆయన ప్రింట్లు నాలుగైనా ఈ జిల్లాలో ఒక గోడకు ఉండాలి. స్కూలు పిల్లలు దగ్గరికి వెళ్లి చూడాలి. మన జిల్లా మనిషే చేశాడని వాళ్లకు చెప్పాలి. నేను దీని గురించి ఎవరికి రాయాలో కనుక్కుంటాను.

సాయంత్రం షట్టర్ దించే ముందు అన్న గోడౌన్‌లోంచి ఒక జింకు బ్లాకు తెచ్చాడు. ఆఫ్‌సెట్ రాకముందు లెటర్‌ప్రెస్ రోజుల్లోది. ఎవరిదో పాత సబ్బు ప్రకటన, అక్షరాలు పైకి లేచి ఉన్నాయి. చిన్నప్పుడు తను బ్లాక్ మేకర్ దగ్గర పని నేర్చుకున్నాడట, నైట్రిక్ యాసిడ్‌లో ముంచి తీసేవాళ్లట. ఇన్నేళ్లుగా పక్కపక్కన పనిచేస్తున్నా ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. "మేము ఒకే లోతు తీసేవాళ్లం. ఆయన ఎన్ని తీసేవాడు?" అని అడిగాడు. కనీసం మూడు కావాలన్నాను. బ్లాకు వెనక్కి తిప్పి మందం వేలితో కొలిచి చూసుకున్నాడు. "మూడు వస్తాయి. కానీ యాసిడ్ కిటికీలు తీసి చెయ్యాలి, నువ్వు దూరంగా ఉండాలి" అన్నాడు.