పోలిక తగ్గించడానికి పడ్డ తిప్పలు

వైజాగ్ అక్కయ్యపాలెంలో నాది చిన్న కుట్టు షాపు. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు రోజువారీ పని. ఆగస్టు వచ్చిందంటే మాత్రం స్కూళ్ల ఫ్యాన్సీ డ్రెస్సులు మీద పడతాయి. పంద్రాగస్టుకి భరతమాతలు, అల్లూరి సీతారామరాజులు, కృష్ణాష్టమికి గోపికలు, వార్షికోత్సవాలకి సీతాకోకచిలుకలు. పదహారేళ్లుగా ఈ పనిలో నేను తిన్న తిట్లన్నీ ఒకటే రకం: "పోలిక రాలేదండీ."

పోలిక ఎక్కువైందని కుట్టినదాన్ని విప్పాల్సి రావడం మాత్రం పోయినేడాదే మొదటిసారి.

ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ వచ్చారు. పాత కస్టమరే, అక్కా అని పిలుస్తాను. దసరా సెలవులకి పిల్లలతో అమెరికాలో వాళ్ల అన్నయ్యగారింటికి వెళ్తున్నారట. ఆయన ఉండేది ఫ్లోరిడాలో, టాంపాలో. అక్కడికి డిస్నీ వరల్డ్ పార్కు దగ్గరే. రెండు రోజులకి టికెట్లు కొనేశారు. పాపకి ఎనిమిదేళ్లు, సిండ్రెల్లా నీలం గౌను కావాలి. బాబుకి పదమూడు, స్టార్ వార్స్ సినిమాల్లో జెడై వీరులు వేసుకునే గోధుమరంగు అంగీ కావాలి, తలమీదికి టోపీ కూడా ఉండాలి. ఆవిడకేమో 'బ్యూటీ అండ్ ది బీస్ట్' కథలో బెల్ వేసుకునే బంగారు పసుపు గౌను. ఫోన్లో బొమ్మ చూపించి, "అచ్చం ఇలాగే రావాలి, చిన్నప్పటి నుంచీ కోరిక" అన్నారు.

పూర్ణా మార్కెట్ వైపు తిరిగి తిరిగి ఏడు మీటర్ల శాటిన్ తెచ్చాను. నిమ్మపండు పసుపు కాదు, పసుపుకొమ్ము పసుపు కాదు, ఆ రెండింటికీ మధ్యది. లోపల గౌను ఉబ్బుగా నిలబడ్డానికి క్యాన్‌క్యాన్ నెట్టు మూడు వరుసలు. ఆ గౌనుకి ముందువైపు గుమ్మానికి తోరణం కట్టినట్టు మడతలు పైకి లాగి ఉంటాయి. అవి సమంగా రావడానికే నాలుగు రోజులు పట్టింది. కింద అంచు నేల మీద జీరాడాలి. మొత్తం పదకొండు రోజుల పని. ట్రయల్‌కి వచ్చినప్పుడు ఆవిడ అద్దం ముందు నుంచి కదల్లేదు. నాకూ గర్వంగానే అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

మూడో రోజు రాత్రి ఫోన్. "అమ్మాయ్, కొంప మునిగింది. పద్నాలుగేళ్లు నిండినవాళ్లు అక్కడ వేషాలు వేసుకోకూడదట. గేటు దగ్గరే ఆపేస్తారని అన్నయ్య అంటున్నాడు."

నేను నమ్మలేదు. వేషానికి వయసేమిటి? మా వైపు దసరాకి నలభై ఏళ్ల మనిషి ఒళ్లంతా పులిరంగు పూసుకుని డప్పుకి ఎగురుతుంటే పిల్లలు వెనకాల పరిగెడతారు. అంత పెద్ద పార్కు, బొమ్మల కథల మీదే బతికే పార్కు, వేషం వద్దంటుందా? పైగా ఆవిడ నాకు పంపిన రీల్స్‌లో పెద్ద పెద్ద ఆడవాళ్లు కిరీటాలతో సహా పూర్తి వేషంలో తిరుగుతున్నారు కదా.

మా పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోంది. దాన్ని కూర్చోబెట్టి పార్కు వాళ్ల రూల్స్ పేజీ తీయించాను. చాలా పొడవుంది. "బట్టల సంగతి చదువు చాలు, మిగతాది మనకెందుకు" అన్నాను. చదివింది. నిజమే. పద్నాలుగేళ్లు, ఆపైన ఉన్నవాళ్లకి వేషాలు, మాస్కులు కుదరవు. ఆ లోపు పిల్లలు వేసుకోవచ్చు. వేషం సంగతి పక్కన పెట్టినా, నేలకి తగిలేవి, ఈడ్చుకుంటూ వచ్చే బట్టలు ఎవరికీ పనికిరావు. పొరలు పొరలుగా ఉన్న బట్టల్ని తనిఖీ చేస్తారు. నేల మీద జీరాడే గౌను, లోపల మూడు వరుసల క్యాన్‌క్యాన్! ఆ రూల్సు నా గౌనుని చూసి రాసినట్టే ఉన్నాయి.

మరి రీల్స్ సంగతేమిటంటే, అవి టోక్యో డిస్నీలాండ్‌వి. అక్కడ పెద్దవాళ్లని పూర్తి వేషంలో రానిచ్చేది హాలోవీన్ అనే వేషాల పండగ సీజన్‌లోనే. మిగతా ఏడాదంతా చిన్నపిల్లలకే. అంటే జపాన్ వీడియో చూసి అమెరికా పార్కుకి వైజాగ్‌లో గౌను కుట్టామన్నమాట.

పెద్దవాళ్లకి వేషం ఎందుకు వద్దంటారో మాత్రం మా అమ్మాయి ఇంకాస్త చదివాక అర్థమైంది. అమెరికా పార్కులో కూడా హాలోవీన్ పార్టీ రాత్రులు ఉంటాయి. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా కొన్ని రాత్రులు, విడిగా టికెట్. వాటికి పెద్దవాళ్లూ వేషాల్లో రావచ్చు. అయితే అక్కడా మాస్కు పెట్టకూడదు, గౌను నేలకి తగలకూడదు, ఇంకొకరితో పాత్రలాగా ఫొటోలకి నిలబడకూడదు, ఆటోగ్రాఫ్ ఇవ్వకూడదు. ఆ చివరి మాట విన్నాక నాకు కోపం పోయింది. లోపల పార్కు వాళ్ల సొంత బెల్, సొంత సిండ్రెల్లా తిరుగుతుంటారు. పిల్లలు పుస్తకాలు పట్టుకుని వాళ్ల సంతకాల కోసం లైన్లో నిలబడతారు. ఎంవీపీ కాలనీ బెల్ ఎదురైతే ఏ పిల్లకి తెలుస్తుంది అసలెవరో?

పార్టీ టికెట్ కొందామా అని అక్క అడిగితే, ఒక్క రాత్రికి మళ్లీ అంత డబ్బా అని వాళ్ల అన్నయ్య కొట్టిపారేశారట. అయితే ఆయనే ఇంకో దారి చెప్పారు. అక్కడ చాలామంది పెద్దవాళ్లు మామూలు బట్టలే వేసుకుంటారు, రంగులు మాత్రం పాత్రవి. నీలం టాప్, పసుపు లంగా, తలకి ఎర్ర రిబ్బను పెడితే స్నోవైట్ గుర్తొస్తుంది గానీ, వేషం అని ఎవరూ అనలేరు. దానికి డిస్నీబౌండింగ్ అని పేరు కూడా ఉందట.

చెప్పడం తేలికే. తోరణాల మడతలు విప్పుతుంటే నా చేతులు ఆడలేదు. క్యాన్‌క్యాన్ తీసేశాను. ఏడు మీటర్ల గుడ్డలో మూడున్నరతో మోకాలి కిందికి వచ్చే కుర్తీ కోశాను, మామూలు గుండ్రం మెడ, పొట్టి చేతులు. తగిలించి చూస్తే బెల్ పోయింది, పసుపు డ్రెస్సు మిగిలింది. పెళ్లివారింట్లో పసుపు దంచే ఫంక్షన్‌కి వెళ్తున్నట్టుంది. అక్క ముఖం చిన్నబోయింది.

బెల్ కథలో గులాబీ ఉంటుంది కదా. పాపకి అంతకుముందు ఏడాది వార్షికోత్సవానికి కుట్టగా మిగిలిన ఎర్ర శాటిన్ ముక్క నా దగ్గర ఉంది. దాన్ని ఏటవాలుగా కోసి, చుట్టి, ఒక గులాబీ కుట్టాను, కింద రెండు ఆకుపచ్చ ఆకులు. "జడలో పెట్టుకోండక్కా" అన్నాను. మనవాళ్లు జడలో గులాబీ పెట్టుకుంటే వేషం అనేవాడెవడు? ఆవిడ జడ ముందుకి వేసుకుని అద్దంలో చూసుకున్నారు. ఈసారి కూడా అద్దం ముందు నుంచి కదల్లేదు.

పాప గౌనుతో ఇబ్బంది లేదు, అంచు మాత్రం చీలమండ పైకి మడిచాను. కష్టమంతా బాబుతోనే. ప్రయాణం మధ్యలో వాడికి పద్నాలుగు నిండుతాయి. మొదటి పార్కు రోజుకి పదమూడు, రెండో పార్కు రోజున పుట్టినరోజు! అంటే ఒకరోజు అంగీ చెల్లుతుంది, నాలుగు రోజుల తర్వాత చెల్లదు. ఈ వయసు లెక్కలు కూడా భలే ఉంటాయి. మన ఆర్టీసీలో పన్నెండేళ్ల దాకా హాఫ్ టికెట్. ఆ పార్కులో పదేళ్లు నిండితేనే పెద్దవాళ్ల టికెట్. డబ్బులకి పదేళ్లకే పెద్దవాడు, వేషానికి పద్నాలుగు దాకా చిన్నవాడు. అంగీని మోకాళ్ల దాకా పొట్టి చేశాను. రెండో రోజుకి లేత గోధుమరంగు టీషర్ట్, వెడల్పాటి బెల్టు చాలన్నాను. ప్లాస్టిక్ కత్తి తీసుకెళ్లొచ్చు, బొమ్మ తుపాకులు మాత్రం కుదరవు. పద్నాలుగో పుట్టినరోజు మీద అంత కోపంగా ఉన్న పిల్లాడిని నేను ఎప్పుడూ చూడలేదు.

కుట్టుకూలీ సగమే తీసుకున్నాను. ఎక్కడ వేసుకుంటారో అడగనిది నేను, కనుక్కోనిది ఆవిడ.

దీపావళి తర్వాత అక్క షాపుకి వచ్చారు, ఫొటోలతో. కుర్తీ గురించి గేటు దగ్గర ఒక్కరూ ఏమీ అనలేదట. గులాబీ చూసి లోపల పనిచేసే ఒకమ్మాయి మాత్రం నవ్వుతూ 'బెల్' అందట. బాబు మొదటిరోజు అంగీలో తిరిగాడు, పుట్టినరోజున టీషర్ట్ మీద పార్కు వాళ్లు ఉచితంగా ఇచ్చిన హ్యాపీ బర్త్‌డే బ్యాడ్జి పెట్టుకుని, కాస్త చల్లబడ్డాడు.

"మరి ఏ ఇబ్బందీ రాలేదుగా" అన్నాను.

"వచ్చింది. సెక్యూరిటీలో బ్యాగు తెరిచి ఆవకాయ పట్టుకున్నారు. తిండి తెచ్చుకోవచ్చట గానీ గాజు సీసా కుదరదట. అన్నయ్య దాన్ని పట్టుకుని మళ్లీ కారు దాకా నడిచాడు."

సాయంత్రం ఇంటికెళ్లి మా అమ్మాయిని అడిగాను, గాజు సీసాల గురించి ఆ పేజీలో ఏమైనా ఉందా అని.

"ఉందమ్మా. నువ్వేగా బట్టల దగ్గర ఆపమన్నావు."