మావయ్య కొట్టించేసిన జామచెట్టు మా కుండీలో

అమ్మమ్మగారి పెరట్లో ఎర్ర జామచెట్టు ఉండేది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడతాననీ, కార్తీకంలో శంకుస్థాపననీ మావయ్య చెప్పేసరికి ఇక ఆ చెట్టు పోయినట్టేనని అర్థమైంది. గింజలు నాటుకోవచ్చుగా అంటారు. అమ్మ ఆ పని ఎప్పుడో చేసింది. కాయలైతే కాసింది గానీ లోపల తెల్ల గుజ్జు, చప్పటి రుచి. గింజలో పుప్పొడి ఇచ్చిన చెట్టు వాటా కూడా ఉంటుంది మరి. కొమ్మ నుంచి మొక్క తీస్తే ఆ పేచీ లేదు, అచ్చం అదే చెట్టు. పదో తరగతిలో శాఖీయ ప్రత్యుత్పత్తి అంటే రణపాల ఆకు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న మనిషినే, కొమ్మకి కత్తి పెట్టాలంటే మాత్రం చెయ్యి వణికింది.

జూన్ చివర్లో రెండు కొమ్మలకి గాలి అంటు కట్టాను, అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు పుట్టించడం. పెన్సిలంత లావు కొమ్మ, చుట్టూ అంగుళం మేర బెరడు ఒలిచి, తడి కొబ్బరిపొట్టు పెట్టి, పాలిథిన్ కవరు చుట్టి తాడు బిగించడం. ఆరు వారాలయ్యాక విప్పితే ఒకదాంట్లో పొట్టు ఎండి చీమలు కాపురం పెట్టాయి. రెండోది ఇంకా విచిత్రం. ఒలిచిన చోట మళ్లీ బెరడు కమ్మేసింది. వేరన్నది లేదు.

కడియం వైపు వెళ్లినప్పుడు ఒక నర్సరీలో పెద్దాయనకి ఫోటో చూపించాను. చూడగానే, "జిగురు గీకావా అమ్మా?" అన్నారు. బెరడు తీశాక చెక్క మీద వేలికి జారుతూ ఒక పొర తగులుతుంది. అది మిగిలితే కొత్త బెరడు పుట్టించి గాయం పూడ్చేస్తుందట. పూర్తిగా గీకేస్తే ఆకులు తయారుచేసిన ఆహారం, హార్మోన్లు కిందికి దిగే దారి లేక గాటు పైఅంచున పేరుకుంటాయి. వేళ్లు అక్కడే పుడతాయి. నీళ్లు చెక్కలోంచి పైకి వస్తూనే ఉంటాయి కాబట్టి కొమ్మ వాడదు.

ఆగస్టు రెండో వారంలో మూడోది కట్టాను. ఈసారి చెక్క పొడిగా తగిలేదాకా గీకాను. ముప్పై అయిదో రోజున కవరు లోపల తెల్లటి దారాలు కనిపించాయి. అప్పుడే కోసేద్దామన్నంత ఆత్రం! అవి కాస్త గోధుమరంగుకి తిరిగేదాకా ఆగమన్నారు పెద్దాయన. దసరా అయ్యాక ముడి కింద సగానికి గాటు పెట్టి, వారం ఆగి పూర్తిగా కోశాను. సగం ఆకులు తుంచేసి, కుండీలో నాటి నీడన ఉంచాను. పది రోజుల్లో నాలుగాకులు రాలాయి. నిద్రపడితే ఒట్టు. తర్వాత చివర ఎర్రటి చిగురు కనిపించింది.

అంటు మొక్కకి తల్లివేరు ఉండదు, గాలికి ఒరుగుతుంది. అందుకని వెదురు పుల్ల ఊతంగా కట్టాను.

చెట్టు కొట్టించిన మర్నాడు మావయ్య ఫోన్ చేశాడు. "నాకూ ఒకటి కట్టిపెట్టవే" అన్నాడు. కట్టడానికి ఇప్పుడు ఈ పెన్సిలంత కొమ్మ తప్ప ఇంకేం లేదు. అది ఎదిగేదాకా ఆగమన్నాను.