అరగంట అబద్ధం

అమ్మకు దుబాయ్ వెళ్తున్నానని చెప్పినప్పుడు నేనూ దుబాయే అనుకున్నాను. ఆ మాట ముందుగా గుర్తుపెట్టుకోండి.

అప్పట్లో హైదరాబాద్‌లో ఇంటర్‌నెట్ ఫైబర్ కేబుళ్లకు జాయింట్లు వేసేవాణ్ణి. మాదాపూర్ రోడ్లు తవ్విన బ్యాచ్ మాది. ఏజెంటు లక్షన్నర తీసుకుని "కంపెనీ దుబాయ్‌ది, సైటు కొంచెం బయట" అన్నాడు. ఆ బయట ఎక్కడో దుబాయ్ టెర్మినల్ 2లో కాగితాలు చేతికొచ్చాక తెలిసింది. ఆఫ్ఘనిస్తాన్, అమెరికా సైన్యం బేస్ ఉన్న బగ్రామ్ ఎయిర్‌ఫీల్డ్. వెనక్కి వచ్చేద్దామా అనుకున్నాను. కానీ లక్షన్నరా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. విమానం ఎక్కేశాను. దిగాక బావకు ఫోన్ చేసి చెప్పాను. బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అత్తయ్యకు మాత్రం చెప్పకు" అన్నాడు.

అది 2011 మార్చి. దుబాయ్ టైమ్ మనకన్నా గంటన్నర వెనక, బగ్రామ్ టైమ్ గంట వెనక. అమ్మ మొదట "అన్నం తిన్నావా" అని అడుగుతుంది, ఆ వెంటనే "అక్కడిప్పుడు ఎంతయిందిరా" అంటుంది. రెండో ప్రశ్నకు ప్రతిసారీ అరగంట తగ్గించి చెప్పాలి. అందుకని చేతి వాచీ దుబాయ్ టైమ్‌కి పెట్టుకున్నాను. అక్కడి రోషన్ కంపెనీ సిమ్‌తో చేస్తే ఆఫ్ఘనిస్తాన్ కోడ్ +93 అని పడుతుంది కాబట్టి నెట్ కాలే చేసేవాణ్ణి. అది శాటిలైట్ మీద నడిచే నెట్. మాట 36 వేల కిలోమీటర్లు పైకెళ్లి దిగి రావాలి, మళ్లీ జవాబుకూ అంతే దూరం. "ఏంట్రా, ఆలోచించి ఆలోచించి మాట్లాడుతున్నావ్?" అనేది అమ్మ. తను అడిగింది నా దాకా వచ్చి, నా జవాబు తన దాకా వెళ్లడానికే అరసెకను పడుతోందని ఎలా చెప్పను?

అక్కడ మా లాంటి వాళ్లని టీసీఎన్ అనేవారు. అమెరికన్లమూ కాదు, ఆఫ్ఘన్లమూ కాదు, మూడో దేశం వాళ్లం. వంటవాళ్లు, డ్రైవర్లు, లాండ్రీవాళ్లు, నా లాంటి కేబుల్ వాళ్లు. నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మనవాళ్లు. కొన్ని గదుల్లోకి మా బ్యాడ్జీతో వెళ్లనివ్వరు. వెళ్లాలంటే ఎస్కార్ట్ కోసం గంటల తరబడి గుమ్మం ముందు కూర్చోవాలి. బేస్‌లో మెయిన్ రోడ్డు పేరు డిస్నీ డ్రైవ్. మిక్కీ మౌస్ గుర్తొచ్చి నవ్వుకున్నాను. అది 2002లో అక్కడే చనిపోయిన ఒక సైనికుడి ఇంటిపేరట. తర్వాత ఎప్పుడూ నవ్వు రాలేదు.

యుద్ధంలో ఏం చేశావని ఇప్పటికీ అడుగుతారు. జాయింట్లు వేశాను. ఫైబర్ తెగేది రాకెట్లకు కాదు, మా జేసీబీలకే. కొత్తగా కాలువ తవ్వాలంటే మాత్రం మందుపాతరల వాళ్లు వచ్చి వెతికి సరేననాలి. రష్యన్ల కాలం నాటి మైన్లు అప్పటికింకా మట్టిలోనే ఉన్నాయి.

ఫైబర్ మీది పూత గీకేసి, స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిస్తే కీచుమంటుంది. ఆ చప్పుడు వస్తేనే శుభ్రమైనట్టు. మొత్తం మందం 125 మైక్రాన్లు, అందులో వెలుతురు నడిచేది మధ్యలోని 9 మైక్రాన్లలోనే. అక్కడి దుమ్మేమో ఇసుకలా ఉండదు, మైదాపిండిలా ఉంటుంది. ఒక్క రేణువు పడ్డా జాయింట్ పాడే. వ్యాన్ అద్దాలు ఎత్తేసి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, చెమటలు కారుతుంటే ఊపిరి బిగబట్టి రెండు కొసలూ మెషీన్‌లో ఎదురెదురుగా పెట్టేవాణ్ణి. బగ్రామ్ దాదాపు 1,500 మీటర్ల ఎత్తు, గాలి పలచన. హైదరాబాద్ సెట్టింగ్‌తో చేస్తే కొసల్ని కరిగించి అతికే మంట, అంటే ఆర్క్, సరిగ్గా రాదు, మళ్లీ సరిచూసుకోవాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి వారం వేసిన జాయింట్లన్నీ తీసి మళ్లీ వేశాను. స్క్రీన్ మీద జాయింట్ దగ్గర పోయే వెలుతురు 0.02 డీబీయేనని కనబడితే ఆ రోజుకి హాయి.

రాకెట్లు వచ్చేవి. స్పీకర్లో "ఇన్‌కమింగ్" అని అరుపు వినబడగానే బోర్లా పడుకోవడం, ఆగాక కాంక్రీట్ బంకర్‌లోకి పరిగెత్తడం. నెల తిరిగేసరికి అలవాటైపోయింది. అలవాటు కానిది వేరే ఉంది.

ఒకసారి సైనికుల ఇంటర్‌నెట్ డిష్ బాగుచేయడానికి ఓ చిన్న అవుట్‌పోస్ట్‌కు పంపారు. మూడో రోజు సాయంత్రం సార్జెంట్ గుడారంలోకి వచ్చి "రివర్ సిటీ" అన్నాడు, అంతే. నాకు అర్థం కాలేదు. మోడెమ్ వైపు వేలు చూపించాడు. కట్టేశాను. అప్పటిదాకా పెళ్లాం పిల్లలతో మాట్లాడుతున్న కుర్రాళ్లు హెడ్‌సెట్లు తీసేసి మారుమాట లేకుండా లేచి వెళ్లిపోయారు. వాళ్లలో ఎవరో చనిపోయారు. అక్కడ ఆ ఇంటి తలుపు తట్టి చెప్పేదాకా ఇక్కడినుంచి ఏ వార్తా పోకూడదు. నెట్ పోతే నాకు పని, వాళ్లకు మాత్రం ఎవరో ఒకరు లేనట్టు. ఆ స్విచ్ నొక్కింది నేను. రెండు రోజులూ నాకూ ఫోన్ లేదు.

"రెండ్రోజులు ఏమైపోయావురా?"

"నెట్ పోయిందమ్మా."

"దుబాయ్‌లో కూడా నెట్ పోద్దా?"

2012 ఫిబ్రవరిలో బగ్రామ్‌లో ఖురాన్ ప్రతులు కాల్చారన్న వార్త బయటికొచ్చి గేటు ముందు జనం గుమిగూడారు. మమ్మల్ని బయట తిరగొద్దన్నారు. ఆ రాత్రి అమ్మ ఫోన్‌లో టీవీలో చూసిందే చెప్పింది: "ఏదో బగ్రామ్ అంట, ఒకటే గొడవ. పాపం అక్కడ ఎవరి పిల్లలున్నారో." నేను వాచీ చూసుకుని, ఇక్కడ ఏడున్నరయింది, భోజనానికి వెళ్తానని పెట్టేశాను.

ఆ సెప్టెంబర్‌లో ఒబామా ఉత్తర్వు ఇచ్చాడు, కాంట్రాక్ట్ కార్మికుల దగ్గర ఉద్యోగం పేరుతో ఫీజులు గుంజకూడదని. మంచిదే. నా లక్షన్నర అప్పటికే వడ్డీతో సహా కట్టేశాను. ఇప్పుడు వెళ్తామని అడిగే కుర్రాళ్లకు ఒకటే చెబుతాను: ఏ దేశంలో దిగుతావో కాగితం మీద చూడకుండా రూపాయి కూడా ఇవ్వకు.

డిసెంబర్‌లో వచ్చేస్తూ బేస్‌లో శుక్రవారం పెట్టే బజారులో రెండు కిలోల పచ్చ కిస్‌మిస్ కొన్నాను. బగ్రామ్ ఉన్న ఆ షొమాలీ మైదానమంతా ద్రాక్షతోటలే. అమ్మ పరవాన్నంలో వేసి వీధంతా పంచింది, దుబాయ్ కిస్‌మిస్ అని.

2021 జూలైలో మా ఇంట్లో టీవీ. అమెరికా వాళ్లు రాత్రికి రాత్రే కరెంటు కట్టేసి, కొత్త ఆఫ్ఘన్ కమాండర్‌కు కూడా చెప్పకుండా బగ్రామ్ వదిలి వెళ్లిపోయారని ఆఫ్ఘన్ అధికారులు చెబుతున్నారు. దొంగలు పడి దొరికింది దొరికినట్టు పట్టుకుపోయారట. ఖాళీ రోడ్డు చూపించారు. దాని పక్కన మట్టిలో నా జాయింట్లున్నాయి.

"అమ్మా, ఆ రెండేళ్లూ నేను ఉన్నది ఇక్కడేనే" అన్నాను.

అమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు. చాలాసేపటికి "అయితే ఆ కిస్‌మిస్ దుబాయ్‌ది కాదన్నమాట" అని లేచి వంటింట్లోకి వెళ్లింది.