కాలు కింద పెట్టకుండా ఎనిమిది

ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చి 30 రోజులు దాటితేనే డ్రైవింగ్ టెస్టుకి రానిస్తారు, అదీ దాని గడువు 6 నెలల్లోపే, అందుకే రోజూ పొద్దున్నే మా వీధి చివర ఖాళీ జాగాలో ముగ్గుపిండితో ఎనిమిది అంకె గీసి చిన్నాయన బండి మీద ప్రాక్టీస్ చేస్తున్నా. నేరుగా పోవడం తేలికే. టెన్షనంతా ఆ మలుపుల్లోనే, టెస్టులో కాలు కింద పెట్టకూడదు కదా. చిన్నాయన మాత్రం ఒకటే మాట: "ముందు చక్రం వైపు చూడొద్దు, ఎటు తిరగాలో అటు చూడు, ఫస్ట్ గేర్లో క్లచ్ సగం పట్టుకో, వెనక బ్రేకు మెల్లగా ఆనించు." నిజంగానే, చూపు మార్చగానే బండి ఎంత బాగా తిరిగిందో! చేతి సిగ్నల్స్, రోడ్డు గుర్తులు కూడా చదువుతున్నా. లైసెన్స్ కార్డు చేతికొచ్చాక సాయంత్రం రద్దీలో ఏడురోడ్ల కూడలి మీదుగా అమ్మను ఎక్కించుకుని భయం లేకుండా పోవాలని నా కోరిక, ఆమెకీ హెల్మెట్ కొనేశా. స్లాట్ వచ్చే వారమే.